వంకర చక్రం మోసుకుని చిల్లకూరు దాకా

ఎనిమిదేళ్లు నేను దాచిన మాట ఒకటుంది. ముందు అది చెప్పి, దారి సంగతులు తరువాత రాస్తాను.

యాభై ఎనిమిది వేసవిలో, ఇందుకూరుపేట దాటాక, నా సైకిలు వెనుక చక్రం మెలి తిరిగి కూలిపోయింది. వెనుక క్యారియరు మీద కూర్చున్న మా బావమరిది రమణయ్య రోడ్డు పక్క తూము మీద పడ్డాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. చుట్టూ మూగిన జనం "ఈ చక్రం ఎవురు బాగుచేసిండేది?" అని అడిగారు. "మస్తాను" అన్నాను. అబద్ధం కాదు. మస్తాను బాగుచేసిన మాట నిజమే. కాని ఆయన బాగుచేసి ఇచ్చిన రెండో రోజు ఆ సైకిలును మా వసారాలో తలకిందులుగా నిలబెట్టి, వెనుక చక్రం చువ్వలన్నిటినీ నా చేత్తో నేను తిప్పాను. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఇది రాయవద్దని నాకు చాలామంది చెప్పారు. మిల్లులో చెప్పారు, నాటక సమాజంలో చెప్పారు. "మరిచిపోయినదాన్ని కెలకడమెందుకు?" అన్నాడొకాయన. "పరువుగా బతికినవాడివి, సైకిళ్లు బాగుచేసేవాడికి దణ్ణం పెట్టానని అచ్చులో చెప్పుకుంటావా?" అన్నాడింకొకాయన. చెప్పుకుంటాను. పేరు పోయింది మస్తానుది. మరిచిపోయింది మనం. ఆయన మరిచిపోయాడో లేదో అడగడానికి ఎవరూ వెళ్లలేదు. నేను వెళ్లాను.

నెల్లూరు: బయలుదేరకముందు

నేను పగలు బియ్యం మిల్లులో గుమాస్తాను. సాయంత్రాలు నాటక సమాజంలో హార్మోనియం వాయించేవాణ్ణి. వెంకటసుబ్బయ్య చెవి మహా గట్టిదని ఊళ్లో నాకు పేరు. నా కష్టమంతా ఆ పేరుతోనే మొదలైంది.

మస్తాను కొట్టు ట్రంకురోడ్డు పక్క సందులో ఉండేది. చక్రం బెండు తీయడంలో ఆయన్ని మించినవాడు లేడనేవారు. చక్రాన్ని తిప్పి, ఒక్కో చువ్వనూ గోటితో మీటి, తల పక్కకు వంచి వినేవాడు. వదులుగా ఉన్నది మందంగా పలుకుతుంది. బిగువుగా ఉన్నది కంగుమంటుంది. బాగుచేసిన ప్రతి చక్రాన్నీ మూడు రోజులు తొక్కాక మళ్లీ తెమ్మనేవాడు. కొత్తగా బిగించిన చువ్వలు బరువు పడ్డాక సర్దుకుంటాయి, వాటిని ఇంకోసారి వినాలి. దానికి కూలి తీసుకునేవాడు కాదు.

ఆ రోజు కొట్టులో నిలబడి నేనూ విన్నాను. వెనుక చక్రానికి కుడివైపు ఇరవై చువ్వలు ఒక స్వరంలో, ఎడమవైపు ఇరవై అంతకంటే తక్కువ స్వరంలో పలికాయి.

"ఏం మస్తాన్, రెండు పక్కలకూ శృతి కలవలేదే?" అన్నాను.

"అది అట్టే ఉండాల అయ్యగారూ," అన్నాడు, చక్రం మీదనుంచి కళ్లెత్తకుండా.

నా మాటకు ఒక సైకిలు మిస్త్రీ అంత తేలికగా జవాబు చెప్పడం నాకు నచ్చలేదు. సమాజంలో ఆ సాయంత్రం దాన్ని కథలా చెప్పి అందరినీ నవ్వించాను. మర్నాడు బజారులో చువ్వలు బిగించే తాళంచెవి కొన్నాను. హార్మోనియం పక్కన పెట్టుకుని, ఒక మెట్టు నొక్కి పట్టి, కుడివైపు ఇరవై చువ్వలనూ వదులు చేసుకుంటూ ఎడమవాటి స్వరానికి దించాను. తాళంచెవి జారినచోట పట్టకారు వాడాను. మా ఆవిడ గడపలో నిలబడి, "చక్రంతో కచేరీ ఏందండీ?" అని నవ్వింది. పని అయ్యేసరికి చక్రం కొంచెం ఎడమకు పోయింది. ఇరుసును ఏటవాలుగా బిగించి మధ్యకు తెచ్చాను. నలభై చువ్వలూ ఒకే స్వరం పలికాయి. ఆ రోజు నాకు కలిగిన తృప్తి ఇంత అని చెప్పలేను. మూడో రోజు మస్తాను దగ్గరికి తీసుకెళ్లలేదు. రమణయ్యను వెనుక ఎక్కించుకుని, అతని ఒళ్లో అరబస్తా బియ్యం పెట్టుకోమని, మైపాడు దారి పట్టాను.

తరువాత వారంలో మస్తాను మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఆ చక్రం ఒక్కసారి చూపించండి అయ్యగారూ. నా చెయ్యి ఏడ తప్పిందో నేను తెలుసుకోవాల," అన్నాడు.

"పాత ఇనుము వాడికి వేసేశాను," అన్నాను. చక్రం మా అటక మీద ఉంది. ఆయన చూస్తే పట్టుకుంటాడని నాకు తెలుసు.

ఏడాది తిరగకుండానే ఆయన కొట్టు మూసి, భార్య పుట్టిల్లు మైపాడుకు వెళ్లిపోయాడని విన్నాను. విని ఊరుకున్నాను.

మొన్న అరవై ఆరు వేసవి మొదట్లో మా ఇంట్లో భోజనాల దగ్గర రమణయ్య పక్కింటాయనకు చెబుతున్నాడు. "ఏ సాయిబు కొట్లోనూ చక్రం ఇయ్యబాక. నా కాలు చూడు." ముద్ద కంచంలో వదిలేశాను. నేను కప్పిపెట్టిన ముక్క ఒక మనిషి పేరుతో ఆగక, ఆ మనుషులందరి మీదికీ పాకింది. పక్కింటాయన వెళ్లాక అటకెక్కి చక్రం దించి రమణయ్య ముందు పెట్టి జరిగింది చెప్పాను. అతను చక్రం వంకా తన కాలి వంకా చూసుకున్నాడు.

"నాకు తర్వాత చెబుదువులే బావా. ముందు ఆయప్పకు చెప్పు. చెప్పొచ్చిందాకా మా గడప తొక్కబాక," అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడే చక్రాన్ని క్యారియరుకు నిలువుగా కట్టాను. మా ఆవిడ గోనెపట్టా తెచ్చింది. "కప్పుకు పోండి. దారి పొడుగునా అడుగుతారు."

"అడగనీ," అన్నాను.

ఒకటి మాత్రం ఇక్కడే ఒప్పుకోవాలి. బయలుదేరినప్పుడు నా దగ్గర ఉన్నది సగం క్షమాపణే. నీ పనిలో శృతి తప్పింది, నేను సరిచేయబోయి చెడగొట్టాను, చెరి సగం తప్పు అందామనుకున్నాను. దాన్నే గొప్ప ధైర్యమనుకుని తొక్కుతున్నాను.

ఇందుకూరుపేట: కారం దోశ

మైపాడు దారి చదును. రెండు వైపులా కోత అయిపోయిన మళ్లు, మధ్య మధ్య కొబ్బరిచెట్లు. పొద్దున్నే బయలుదేరినవాణ్ణి ఎండ ముదరకముందే ఇందుకూరుపేట చేరాను. పూటకూళ్లింటి ముందు బెంచీ మీద కూర్చుంటే ఎర్రకారం పూసిన దోశ, పైన నెయ్యి, పక్కన పప్పుల పొడి పెట్టారు. రెండు దోశలూ టీ కలిసి నలభై పైసలు. నెల్లూరులో ఇదే దోశను పల్చగా పోసి అంతకంటే ఎక్కువ తీసుకుంటారు.

దోశలు పోసే ఆయన అట్లకాడ చేతిలో పట్టుకునే బయటికి వచ్చి చక్రం చుట్టూ తిరిగాడు.

"ఏంది సామీ ఇది, జంతిక మాదిరి? దీన్ని బాగుచేయిద్దామనే?"

"లేదు. దీన్ని చెడగొట్టింది నేనని ఒకాయనకు చెప్పడానికి తీసుకెళుతున్నాను."

ఆయన నా మొహం కాసేపు చూసి, లోపలికి వెళ్లి ఇంకో దోశ తెచ్చి విస్తట్లో వేశాడు. "దీనికి డబ్బులొద్దులే. తిని నిదానంగా పో," అన్నాడు. నాకు మతి చలించిందనుకున్నట్టున్నాడు.

ఊరు దాటాక ఆ తూము వచ్చింది. దిగి చూశాను. కొత్తగా సున్నం కొట్టారు. ఒక ముసలాయన దాని మీద కూర్చుని మేకలు కాస్తున్నాడు. అక్కడ ఎనిమిదేళ్ల కిందట ఒకరి కాలు విరిగిందని ఆయనకు తెలియదు. ఆ ముక్క ఆయనకూ చెప్పాను. "అట్నా," అన్నాడు. మేకలు నా చక్రాన్ని చూసి బెదిరి మడిలోకి దూకితే, "పోవయ్యా తండ్రీ, దాన్ని తీసుకుని పో!" అని నన్ను కసిరి వాటి వెంట పడ్డాడు.

మైపాడు: పోలమ్మ బొటనవేళ్లు

మైపాడులో మస్తాను లేడు. నాలుగేళ్ల కిందటే వెళ్లిపోయాడని ఒడ్డున వలలు ఆరేస్తున్నవాళ్లు చెప్పారు. ఎక్కడికి వెళ్లాడో కోటయ్య భార్యకు తెలుసునన్నారు. కోటయ్య రోజూ సైకిలు మీద చేపల గంపలు నెల్లూరుకు మోస్తాడు. ఆయన ఇంట్లో లేడు, ఒడ్డున గంపలు నింపిస్తున్నాడు. ఆయన భార్య పోలమ్మ తాటాకుల ఇంటి ముందు సైకిలు పడేసి దాని చక్రం ముందు గొంతుకూర్చుని ఉంది.

ఆమె చేస్తున్న పని చూసి నేను వచ్చిన పని మరిచిపోయాను. పక్కపక్క చువ్వలను రెండేసి చొప్పున బొటనవేళ్ల కింద పట్టి నొక్కుతోంది. వేలికి ఎదురుతిరిగితే వదిలి తరువాతి జత. లొంగితే అక్కడ చిన్న గుడ్డపీలిక కడుతోంది. చక్రం చుట్టూ అట్లా వచ్చాక గోటితో ఒక్కొక్కటే మీటుతూ ఇంకో చుట్టు. మైపాడులో గంపలు మోసే ప్రతి ఇంట్లోనూ ఇది ఆడవాళ్ల పనేనట. మా ఇళ్లల్లో ఆడవాళ్లు సైకిలును తుడవడానికి కూడా ముట్టుకోరు.

"మీరే చూస్తారా?" అన్నాను.

"తొక్కేది మొగుడు. దారిలో పడితే ఏడ్చేది నేను. అందుకని నేనే చూస్తా," అని, నా క్యారియరు వంక చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మో, ఎవురిదయ్యా ఆ చక్రం? మనిషి బతికినాడా?"

దారంతా రొమ్ము విరుచుకుని చెప్పినవాణ్ణి, ఇక్కడ నాలుక మడతపడింది. ఆమె చేతివేళ్లు చూశాక అబద్ధం వచ్చింది. "మా ఊళ్లో ఒకాయనది," అన్నాను.

ఆమె చక్రం విప్పించి ఒళ్లో పెట్టుకుంది. తుప్పు గోటితో గీరి, రిమ్ము దగ్గర చువ్వల చివరలు చూసింది. కుడివైపు చువ్వలకు మరలు బయటికి కనిపిస్తున్నాయి. ఎడమవైపు కనిపించడం లేదు.

"ఇది మిస్త్రీ చేసిన పని కాదు," అంది. "కుడిపక్కవన్నీ ఎవుడో ఎనక్కి తిప్పినాడు. పట్టకారుతో తిప్పినాడు, గాట్లు చూడు. వాడికి బుద్ధుందా?"

"రెండు పక్కలా స్వరం ఒకటిగా లేదని సరిచేశాడట."

"సరి చేసినాడా?" పోలమ్మ పెద్దగా నవ్వింది. నన్ను చెయ్యి పట్టి లాగి తన సైకిలు చక్రం దగ్గర కూర్చోబెట్టింది. కుడి చువ్వను మీటింది, తరువాత ఎడమది. కుడిది పైన, ఎడమది కింద. మస్తాను కొట్టులో నేను విన్నట్టే.

"కుడిపక్క ఈ పళ్ల చక్రముందా? ఆడ చోటు తక్కువ. చువ్వ నిలువుగా నిలబడాల. అందుకని జాస్తి లాగి కడతారు. ఎడంపక్క చువ్వ వాలుగా పోతాది, దానికి తక్కువ చాలు. అప్పుడే రిమ్ము నడిమధ్యన నిలబడేది. రెండూ ఒకటి చేస్తే కుడిపక్క పట్టు పోతాది. బరువు పడిందా, ఇదిగో, ఇట్టా పడుకుంటాది. ఈమాత్రం తెలీనోడు తాళంచెవి ఎందుకు పట్టుకోవాల? ఆ చెయ్యి ఇరగ్గొట్టాల."

సముద్రం పక్కనే ఘోషిస్తోంది. నా చెవుల్లోకి మాత్రం ఆమె మీటిన ఆ రెండు స్వరాలే దూరాయి. ఎనిమిదేళ్లుగా నేను సగం తప్పు మస్తాను ఖాతాలో వేసి బతికాను. ఆ సగం కూడా లేదు. ఆయన పనిలో వెంట్రుకవాసి తప్పు లేదు.

"ఇదంతా నీకెవరు నేర్పారమ్మా?"

"ఇంకెవురు, మస్తాన్ సాయిబే. ఈ ఊరి ఆడోళ్లందరికీ నొక్కి చూడటం, మీటి ఇనటం నేర్పినాడు." ఆమె గొంతు తగ్గింది. "నేర్చుకున్నాం గానీ, ఆయప్పను చక్రం మీద చెయ్యి పెట్టనీలా. నెల్లూర్లో ఆయప్ప కట్టిన చక్రం ఇరిగి మనిషి కాలు పోయిందని మా మొగోళ్లు ఇనొచ్చినారు. మేమూ ఇయ్యలా. నేనూ ఇయ్యలా."

"అమ్మా," అన్నాను, "ఊళ్లో ఒకాయన అన్నాను చూడు. ఆ మనిషిని నేనే."

పోలమ్మ చక్రం కింద పెట్టింది. నేను లేవబోతే, "కూర్చో," అంది. "ఆకలి మీద తిట్లు తింటే ఒంటికి పట్టవు."

తిట్లు తరువాత చాలా వచ్చాయి గాని, ముందు అన్నం వచ్చింది. నిన్నటి వంజరం పులుసు, అందులో మామిడికాయ ముక్కలు. నెల్లూరులో మేము చేసేదానికంటే పులుపు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. మేము చేప ముక్కను విరగకుండా వడ్డించడం మర్యాద అనుకుంటాం. ఆమె గరిటెతో చిదిమి అన్నంలో కలిపి పెట్టింది. కళ్లవెంట నీళ్లు కారితే, "అది కారమా, కడుపులోదా?" అంది.

"రెండూ," అన్నాను.

"మస్తాన్ సాయిబు చిల్లకూర్లో ఉండాడు, పెద్ద రోడ్డు మీద. కృష్ణపట్నం కాడ ఏరు దాటి పో. కోటయ్య వస్తే ఇదంతా చెప్తా, ఊరందరికీ చెప్తా. నీ పేరేంది?"

చెప్పాను.

"ఇంటిపేరు కూడా చెప్పు," అంది.

కృష్ణపట్నం: మూడు చక్రాల రేవు

మర్నాడు ఒడ్డు వెంబడి దక్షిణానికి నడిచాను. తొక్కాను అనడం లేదు. సరుగుడు తోపుల మధ్య ఇసుక బాటలో సైకిలే నా మీద సవారి చేసింది. విరిగిన చువ్వ ఒకటి పంచెకు తగులుకుని జానెడు మేర చీరింది. కాలువలో ఉప్పు పడవలు వెళుతుంటే ఒక పడవవాడు తాడు లాగుతూ, "అన్నా, ఆ మూడో చక్రం ఎప్పుడు తిరుగుతాది?" అని అరిచాడు. "చిల్లకూర్లో!" అని నేనూ అరిచాను.

ముత్తుకూరు దగ్గర ఒక అవ్వ తాటి ముంజలు కొట్టి అమ్ముతోంది. పది పైసలకు ఆరు. నాలుగు తిన్నాక ఆమె చక్రం సంగతి అడిగింది, ఈసారి తడబడకుండా చెప్పాను. "నా మొగుడూ ఒక మాట దాచుకునే పోయినాడు. ఏందో నాకిప్పటికీ తెలీదు," అంది. మిగిలిన రెండు ముంజలూ నేను తినలేకపోయాను.

కృష్ణపట్నం రేవులో పడవ సరంగు నన్ను నిలువునా చూసి లెక్క చెప్పాడు. అక్కడ మనిషికి పది పైసలు, సైకిలుకు చక్రానికి ఐదు చొప్పున.

"నీకు మూడు చక్రాలు. వాటికి పదిహేను."

"మూడోది తిరగదు కదయ్యా."

"తిరగనిదే బరువు. తిరిగేదైతే దానంతటదే ఎక్కేది," అన్నాడు. పడవలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఇచ్చేశాను. ఉప్పుటేరు మధ్యలో ఒక పెద్దమనిషి, జరీ కండువా వేసుకున్నాయన, నా కథంతా విని తల పంకించాడు.

"ఎనిమిదేళ్లయింది. ఆయప్ప పాటికి ఆయప్ప బతకతా ఉండాడు. నువ్వు పోయి పుండు రేపడం కాదా? ఆ చక్రం ఇక్కడ నీళ్లలో వదిలెయ్. నీకూ సుఖం, ఆయప్పకూ సుఖం."

"చక్రం నీళ్లలో వేస్తే ఆయన పేరు పైకి తేలుతుందాండీ?" అన్నాను. ఆయన కండువా సర్దుకుని ఇంకోవైపు తిరిగాడు. కట్టిన తాళ్లు ఇంకోసారి బిగించుకున్నాను.

ఆవలి ఒడ్డున ఉప్పుమళ్ల పక్క పల్లెలో ఒకరి అరుగు మీద పడుకున్నాను. పొద్దున వాళ్లు రాగిసంగటి, నెత్తళ్లనే చిన్న ఎండుచేపల వేపుడు పెట్టి పంపారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

చిల్లకూరు

మూడో రోజు పది గంటలకు పెద్ద రోడ్డు ఎక్కాను. లారీల దుమ్ము, తారు వేడి. టీ బంకు పక్కన తాటాకు పందిరి, దాని ముందు తాడుకు వేలాడుతున్న పాత రిమ్ము. పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది: పంక్చరు, గాలి, గొలుసు. అంతే. చక్రాల ఊసు లేదు.

మస్తాను ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. గడ్డం నెరిసింది. కళ్లజోడుకు ఒకవైపు దారం కట్టి ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"రండి అయ్యగారూ," అన్నాడు. "గాలి కొట్టాల్నా?"

నేను జవాబు చెప్పేలోగా నిమ్మకాయల బస్తాలతో ఒక సైకిలు వచ్చి ఆగింది. వెనుక చక్రం అటూ ఇటూ ఊగుతోంది. తొక్కే అతని పేరు పెంచలయ్య. టీ తాగడానికి దిగాడు.

"చక్రం ఊగుతోంది. ఇక్కడ చూపించుకోకూడదా?" అన్నాను.

పెంచలయ్య గొంతు తగ్గించకుండానే, "గూడూర్లో చూపిస్తా. ఈయప్ప చక్రాలు ముట్టుకోడు. ముట్టుకోకుంటేనే మంచిదిలే," అన్నాడు. టీ తాగుతున్న ముగ్గురు నలుగురు నవ్వారు. మస్తాను బుడగల నుంచి తల తిప్పలేదు. ఆ నవ్వు ఆయనకు రోజూ ఉండేదేనని అర్థమైంది. దాన్ని అక్కడ నాటింది నేనే.

తాళ్లు విప్పి వంకర చక్రాన్ని ఆయన ముందు పెట్టాను. తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని తీసుకున్నాడు. మొదట చక్రం నడుమ హబ్బు చూశాడు, తన చేతిపనిని గుర్తుపట్టాడు. తరువాత కుడివైపు చువ్వల చివరలు ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. మరలు, పట్టకారు గాట్లు. ఇరవయ్యో చువ్వ దగ్గర వేలు ఆగింది.

"పాత ఇనుము వాడికి వేసినామన్నారే," అన్నాడు.

"అటక మీద ఉంది. ఆ రోజు నువ్వు నిలబడినచోటికి నాలుగడుగుల దూరంలో. మస్తాన్, నేను చెప్పవలసింది..."

"నాకు చెప్పబాకండి." గొంతు పెంచలేదు. "నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు. నేను కట్టిన చక్రం నాకు తెలీదా? తెలియాల్సింది ఆళ్లకు." టీ బంకు వైపు చూపించాడు.

బంకు దగ్గరికి వెళ్లాను. బెంచీ మీద కూర్చున్నవాళ్ల ముందు నిలబడి మొత్తం చెప్పాను. హార్మోనియం సంగతి చెప్పాను, పట్టకారు సంగతి చెప్పాను, తూము దగ్గర నేనన్న ఒక్క మాటా చెప్పాను. చక్రం చేతికిచ్చి చూసుకోమన్నాను.

"ఎనిమిదేళ్లు నిద్దరపోయినావా?" అన్నాడొకతను.

"నిద్రపోలేదు. మేలుకునే ఊరుకున్నాను," అన్నాను. "తిట్టండి, పడతాను. కాని ఈ ఊరి మీదుగా పోయే ప్రతివాడికీ చెప్పండి, ఆ చక్రం కూలింది మస్తాను చేతివల్ల కాదని. నెల్లూరులో నేను చెబుతాను. కాగితం మీద కూడా రాస్తాను."

పెంచలయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. బస్తాలు దించాడు. సైకిలు తెచ్చి పందిరి కింద తిరగేసి నిలబెట్టి, "చూడు మస్తానన్నా," అన్నాడు.

మస్తాను కదలలేదు. కొంతసేపటికి లేచి, మూలనున్న రేకుపెట్టె అడుగునుంచి ఒక గుడ్డమూట తీశాడు. అందులో చువ్వల తాళంచెవి ఉంది. నూనె రాసి ఉంది, ఒక్క మచ్చ తుప్పు లేదు. ఎనిమిదేళ్లు పని లేని తాళంచెవికి ఆయన నూనె రాస్తూనే ఉన్నాడు.

గంటసేపు పని చేశాడు. తిప్పడం, మీటడం, తల వంచి వినడం, పావు చుట్టు బిగించడం. చివరికి చక్రం గాలికి తిరుగుతున్నట్టు ఊగకుండా తిరిగింది. అప్పుడు నా వైపు చూసి, "రండి అయ్యగారూ. మీటండి," అన్నాడు.

కుడి చువ్వ మీటాను. ఎడమ చువ్వ మీటాను.

"ఎట్టుండాయి?"

"రెండూ వేరుగా ఉన్నాయి."

"అట్టే ఉండాల్నా, వద్దా?"

నలుగురూ చూస్తుండగా నేను కింద, ఆయన ఎదుట, నూనె మరకల నేల మీద కూర్చున్నాను. ఆయన్ని నేను ఎప్పుడూ నువ్వు అనే పిలిచాను. ఆ రోజు ఆ మాట నా నోటికి రాలేదు.

"అట్లాగే ఉండాలి మస్తాన్‌గారూ. ఆ రోజే మీరు చెప్పారు, నేను వినలేదు. మీ పనిలో తప్పు లేదు. చక్రం చెడగొట్టింది నేను, మీ పేరు చెప్పింది నేను, మీరు వాకిట్లోకి వచ్చి అడిగితే దాచింది నేను. ఇందులో మీ వంతు ఏమీ లేదు. నన్ను క్షమించండి."